నందివర్ధనాన్ని మోడు చేస్తున్న పురుగు: మందు కొట్టాలా, ఏరెయ్యాలా?

విజయనగరం శివార్ల నుంచి ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా చెప్పాలంటే: వాళ్ళ ప్రహరీ వెంట ఆరు నందివర్ధనం పొదలున్నాయి. గేటు పక్కన ఒక గన్నేరు, నూతి గట్టు దగ్గర రెండడుగుల కరివేపాకు మొక్క ఉన్నాయి. రోజూ పూజకి అత్తగారు ఆ నందివర్ధనం పూలే కోస్తారు. జూలై చివర్లో పొదలు బాగా గుబురెక్కాయని నడుమెత్తుకి కత్తిరించి, మొదళ్ళలో తలో గుప్పెడు యూరియా వేశారు. చిగురు విరగబడి వచ్చింది. ఇంకో పది రోజులు తిరిగేసరికి రెండు పొదలు పుల్లలై నిలబడ్డాయి. కింద గచ్చు నిండా నల్లటి గింజలు రాలుతున్నాయి. ఏడేళ్ళ బాబు కొమ్మ వంచి చూస్తే పాము కళ్ళలాంటి కళ్ళున్న పచ్చటి పురుగు కనబడి జడుసుకున్నాడట. కరివేపాకు మీద కూడా పిట్ట రెట్టల్లాంటివి కదులుతున్నాయట. బూడిద చల్లారు. వేపనూనె నీళ్ళలో పోసి మధ్యాహ్నం కొట్టారు. అది పనిచెయ్యలేదని రెండోసారి బట్టల సబ్బు పొడి కలిపి కొట్టారు. ఆకుల అంచులు మాడాయి గానీ పురుగు పోలేదు. ఇప్పుడు వాళ్ళాయన ఊళ్ళో జీడితోటకి కొట్టగా మిగిలిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు సీసా తెచ్చి మెట్ల కింద పెట్టారు. అత్తగారేమో పూజ పూల మొక్కల మీద విషం కొట్టనివ్వనంటున్నారు, పురుగుని చంపడమూ పాపమే అంటున్నారు. "దసరాకి నెలన్నర కూడా లేదు. సిరిమాను పండక్కి ఆడపడుచులు పిల్లలతో వస్తారు. ఈలోగా పెరడు మోడుగా ఉంటే బాగోదు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను, ఎవరి మాట వినను?" అని అడిగారు.

అమ్మా, ముందు ఆ సీసా సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ ఒకటి రెండు రోజులు ఆగినా పరవాలేదు గానీ, ఇది ఆగదు.

మోనోక్రోటోఫాస్ ఆకు పైన పడి ఊరుకునే మందు కాదు. మొక్క దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పక్క పొదకి కొట్టిన తుంపర మీ కరివేపాకు మీద పడితే ఆ ఆకుని మూడు నీళ్ళలో కడిగినా లాభం లేదు, లోపలికి పోయింది కడిగితే రాదు. పైగా నుయ్యి పక్కనే ఉంది. కూరగాయల మీద దీని వాడకాన్ని 2005లోనే ఆపారు. మామూలుగా దొరుకుతూ వచ్చిన 36 శాతం ద్రావణాన్ని కేంద్రం 2023లో నిషేధించింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంట నూనెలో ఉన్నది ఈ మందేనని పరీక్షల్లో తేలింది. ఏడేళ్ళ పిల్లాడు తిరిగే ఇంట్లో ఇలాంటి సీసా ఒక్క రాత్రి కూడా మెట్ల కింద ఉండకూడదు. మూత బిగించి, అదే సీసాలో ఉంచి (వేరే దాంట్లోకి వంచవద్దు), తాళం వేసే చోట పెట్టండి. కాలువలో, మట్టిలో, నూతి చుట్టుపక్కల పారబొయ్యకండి. తెచ్చిన చోటికే తిప్పి పంపండి, లేదా మీ దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో ఏం చెయ్యాలో అడగండి. ఇప్పటికే ఎవరైనా ముట్టుకుని ఉంటే సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతకాలి. చొంగ కారడం, ఒళ్ళంతా చెమట పట్టడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం కనిపిస్తే 108కి ఫోన్ చెయ్యండి, సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.

మీ ఆయన్ని తప్పు పట్టడానికి ఇదంతా రాయలేదు. పొద కళ్ళముందే మోడైపోతుంటే చేతికందింది కొట్టేద్దామనిపించడం సహజం. కానీ ఆయన భయపడుతున్నట్టు ఇది పెరడంతా పాకే తెగులు కాదు. ఎందుకంటే మీ పెరట్లో ఉన్నది ఒక పురుగు కాదు, రెండు. వాటికి ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

నందివర్ధనం మీద ఉన్నది గన్నేరు రెక్కల పురుగు పిల్ల. తల్లి పురుగు మాసిన ఆకుపచ్చ రంగులో, రెక్కలు చాపితే అరచేయంత ఉంటుంది. మునిమాపు వేళ పూల మీద హెలికాప్టర్‌లా గాల్లో నిలబడి తేనె తాగుతుంది. ఒక్కొక్క గుడ్డూ విడివిడిగా లేత ఆకుల మీద పెడుతుంది. పిల్ల పురుగు ప్రధానంగా తెగితే పాలు కారే ఈ జాతి మొక్కల మీదే బతుకుతుంది: నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు, ఎడారి గులాబీ. కరివేపాకు జోలికి రాదు.

మీ బాబు చూసింది కళ్ళు కాదని వాడికి చెప్పండి. అవి మెడ దగ్గర ఉండే నీలం తెలుపు మచ్చలు. ముట్టుకోగానే పురుగు తల లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడా మచ్చలు ఉబ్బి పాము చూస్తున్నట్టు కనబడతాయి. పిట్టల్ని బెదిరించడానికి దానికున్న ఉపాయం అదే. వెనక ఉన్న కొమ్ము ముల్లు కాదు, కుట్టదు. ఒంటి మీద నూగు ఉండదు కాబట్టి దురదా పెట్టదు. (మునగచెట్టు కాండం మీద గుంపులుగా పట్టే బొచ్చు గొంగళిపురుగు సంగతి వేరు. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఈ తేడా వాడికి ఇప్పుడే చూపించి నేర్పండి.)

కరివేపాకు మీద ఉన్నవి నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్లలు. చిన్నప్పుడు నలుపు తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, చివరి దశలో ఆకుపచ్చగా మారతాయి. వేలు పెడితే తల వెనక నుంచి ఎర్రటి చీలిక కొమ్ము బయటకి చాపి ఘాటు వాసన వదులుతాయి. అంతకు మించి ఏమీ చెయ్యవు.

ఇక గచ్చు మీది గింజలు. వాటిని ఊడ్చి పారెయ్యకండి, మీకు కావలసిన సమాచారమంతా వాటిలోనే ఉంది. ఒకటి అరచేతిలో వేసుకుని చూడండి. మేక పెంటికలా నున్నగా ఉండదు, నిలువునా గాళ్ళు పడి చిన్న మొక్కజొన్న పొత్తులా ఉంటుంది. అవి పురుగు పెంటికలు. తాజావి పచ్చగా, నొక్కితే మెత్తగా ఉంటాయి, నిన్నటివి నల్లబడి గట్టిపడతాయి. ఆవగింజంత ఉంటే పురుగు ఇంకా చిన్నది, మందు పనిచేసే వయసు. మిరియమంత ఉంటే పెద్దది, దాన్ని చేత్తో తియ్యడమే మేలు. సాయంత్రం ప్రతి పొద కిందా పాత వార్తాపత్రిక పరిచి అంచుల మీద రాళ్ళు పెట్టండి. పొద్దున్న ఏ కాగితం మీద తాజా పెంటికలు ఎక్కడ గుమిగూడాయో అక్కడి నుంచి నిట్టనిలువుగా పైకి చూడండి. పురుగు ఆకు మీద ఉండదు, పుల్ల అడుగున పుల్ల రంగులోనే కలిసిపోయి వేలాడుతూ ఉంటుంది. పగలు ఎంత వెతికినా కనబడనిది అందుకే. రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి చూస్తే మేస్తూ దొరికిపోతుంది. కాగితం శుభ్రంగా ఉన్న పొదకి ఏ వైద్యమూ అక్కర్లేదు.

మీరు చేసిన ప్రయత్నాలు ఎందుకు ఫలించలేదో కూడా తెలియాలి, లేకపోతే అదే మళ్ళీ జరుగుతుంది. వేపనూనె నీళ్ళలో కలవదు. వట్టినే పోస్తే పైన తేలిపోయి, పంపులో ముందు నీళ్ళు, చివర్లో చిక్కటి నూనె వస్తాయి. ఆ చివరి నూనె పడిన ఆకులు మధ్యాహ్నపు ఎండకి మాడతాయి. రెండోసారి కలిపిన బట్టల సబ్బు పొడిలో సోడా ఘాటు ఎక్కువ, లేత చిగురు దానికి తట్టుకోదు. ఇంకో విషయం, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే సబ్బు విరిగి పాల విరుగుడులా తేలుతుంది, నూనె మళ్ళీ విడిపోతుంది. బూడిద వాన పడితే కొట్టుకుపోతుంది. పైగా పురుగు ఉండేది అడుగున, బూడిద పడేది పైన.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం. ఇది సోమరితనం సలహా కాదు. వేళ్ళు బలంగా ఉన్న నందివర్ధనం ఒకసారి ఆకంతా పోయినా చావదు, రెండు మూడు వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది. పురుగు తినే మొత్తం ఆకులో చాలా భాగం చివరి నాలుగైదు రోజుల్లోనే తింటుంది. ఆ తర్వాత ఒళ్ళు గోధుమ రంగుకి తిరిగి, కొమ్మ దిగి, ఎండుటాకుల కింద గూడు కట్టుకుంటుంది. గచ్చు మీద గోధుమ రంగు పురుగు హడావిడిగా పాకుతూ కనిపిస్తే అది మేత అయిపోయి వెళ్ళిపోతున్నదని అర్థం. దాని మీద మందు కొట్టడం వృథా. మోడైపోయిన ఆ రెండు పొదల్నీ ఇలాగే వదిలెయ్యమంటాను. కానీ ఆరింటినీ వదిలేస్తే దసరాకి పూలుండవు. చిగురు తేరుకుని మొగ్గ పట్టడానికి నెలా నెలన్నర అనుకోండి. అంటే పండగ పూలు రావలసింది ఇంకా ఆకున్న ఆ నాలుగు పొదల నుంచే. మీ శ్రమంతా వాటి మీద పెట్టండి.

రెండోది, చేత్తో ఏరడం. ఆరు పొదలకి ఇదే అన్నిటికన్నా ఖచ్చితమైన పని. వరసగా నాలుగు రాత్రులు, రాత్రికి ఇరవై నిమిషాలు. పురుగుని లాగకండి, కాళ్ళు పుల్లని గట్టిగా పట్టుకుని ఉంటాయి, లాగితే చిరిగిపోతుంది. అది పట్టుకున్న రెమ్మనే కత్తెరతో కత్తిరించి బకెట్లో వెయ్యండి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. గన్నేరు దగ్గర ఇంకా జాగ్రత్త. దాని ఆకూ కొమ్మా పాలూ అన్నీ విషమే. కోసిన కొమ్మలు పొయ్యిలో పెట్టవద్దు, ఆవుకి, మేకకి వెయ్యవద్దు.

ఏరిన వాటిని ఏం చెయ్యాలనేది మీ ఇంట్లో వాళ్ళు తేల్చుకోవలసిన విషయం. సబ్బు నీళ్ళ బకెట్లో వేస్తే చచ్చిపోతాయి. అత్తగారికి అది సమ్మతం కాకపోతే రెమ్మలతో సహా తీసుకెళ్ళి ఊరి చివర ఎవరూ పట్టించుకోని గన్నేరు పొదలో పెట్టండి. కాస్త పెద్దవైన పురుగులు వేరే రకం ఆకుని ముట్టకుండా మొరాయించవచ్చు, అందుకే నందివర్ధనం రెమ్మలు నాలుగు ఎక్కువే పెట్టండి. లేదా మోడైన ఆ రెండు పొదల్లో కాస్త చిగురు మిగిలినదాన్ని వాటికే వదిలేసి, మిగతా నాలుగింటి మీద దొరికినవన్నీ అక్కడికి మార్చండి. అందులో కొన్ని ఆకలికి పోతాయి, కొన్నిటిని జెముడుకాకి, గోరింక తింటాయి. అది మీరు చంపినట్టు కాదు కదా అని అత్తగారు ఒప్పుకుంటే ఇంట్లో గొడవ సగం తీరుతుంది. ఏరేటప్పుడు ఏ పురుగు వీపు మీదైనా బియ్యపు గింజల్లా తెల్లటి గూళ్ళు అంటుకుని కనిపిస్తే దాన్ని మాత్రం కదపకండి. అవి చిన్న కందిరీగ జాతి పురుగు గూళ్ళు. ఆ పురుగు ఎలాగూ చస్తుంది, వాటిలోంచి వచ్చే కందిరీగలు మీ తరఫున మిగతావాటి పని పడతాయి. మోనోక్రోటోఫాస్ కొట్టి ఉంటే ముందు పోయేది ఇవే.

మూడోది వేప. ఈసారి సరిగ్గా కలపండి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కావాలి. ముందు ఒక గ్లాసులో ఆ నూనెతో ఒక మిల్లీలీటరు గిన్నెలు తోమే ద్రవ సబ్బు వేసి, కొద్దిగా నీళ్ళు పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టండి. తర్వాతే మిగతా నీళ్ళు కలపండి. వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచివి లేవు. కలిపింది గంటలోపు కొట్టెయ్యాలి, మధ్యమధ్యలో పంపు కుదుపుతూ ఉండాలి. ముందు ఒక్క రెమ్మకి కొట్టి రెండు రోజులు చూడండి, మాడకపోతేనే పొదంతా కొట్టండి. నడుమెత్తు పొదకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. సాయంత్రం అయిదు దాటాక, నాజిల్ కింద నుంచి పైకి తిప్పి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేప చూస్తూండగా చంపదు. పురుగుకి తిండి సయించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు. మూడు రోజులదాకా పురుగు కనిపిస్తూనే ఉంటుంది, కంగారు పడకండి, పెంటికలు తగ్గాయా అన్నది చూడండి. వారం పది రోజులకి మళ్ళీ కొట్టాలి, ఈలోగా పెద్ద వాన పడితే మర్నాడే. వేలంత లావైన పురుగు మీద ఇది పెద్దగా పనిచెయ్యదు.

నూనె కంటే గింజల కషాయం లేత ఆకుకి మెత్తన. లీటరుకి 50 గ్రాముల వేప గింజల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, పాత నూలు గుడ్డలో రెండుసార్లు వడగట్టి, గ్రాము సబ్బు కలిపి కొట్టాలి. బూజు పట్టి నల్లబడిన పాత గింజలతో చేస్తే చేదు ఉంటుంది గానీ పని ఉండదు.

నాలుగోది బిటి పొడి. ఇది ఒక సూక్ష్మజీవి నుంచి చేసిన మందు, ఎరువుల దుకాణాల్లో బిటి అనే అడిగితే ఇస్తారు. లీటరుకి 1 నుంచి 2 గ్రాములు, అయితే ప్యాకెట్ మీద ఏ మోతాదు ఉంటే అదే పాటించండి. మందు పడిన ఆకు తిన్న పురుగు కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో నల్లబడి వేలాడుతుంది. పురుగు పేగులో ఉండే క్షార గుణం వల్లే ఆ మందు విషంగా మారుతుంది. మన కడుపులో, పిట్టల కడుపులో అలా మారదు, అందుకే పిల్లలున్న ఇంట్లో నేను దీనికే ఎక్కువ మొగ్గుతాను. అయినా కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఎండ దీన్ని రెండు మూడు రోజుల్లోనే చంపేస్తుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. గుడ్లు పొదిగి ఆవగింజ పెంటికలు మొదలైన రోజుల్లో కొడితేనే ఖర్చుకి ఫలితం. దీని లోపం ఒకటుంది: గన్నేరు రెక్కల పురుగుకీ సీతాకోకకీ తేడా చూడదు, కరివేపాకు మీది పిల్లల్నీ చంపుతుంది. మీ చుట్టుపక్కల మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేవాళ్ళుంటే అసలు వాడకండి.

నా ఎంపిక అడిగితే, పెద్ద పురుగులకి నాలుగు రాత్రుల ఏరుడు, అయిదో రోజు సాయంత్రం ఆ నాలుగు పొదలకి బిటి గానీ వేప కషాయం గానీ ఒక తడవ. అత్తగారు చంపడానికి బొత్తిగా ఒప్పుకోకపోతే ఏరుడొక్కటే ఇంకో పది రోజులు పొడిగించండి. శ్రమ ఎక్కువ, మీరు చూడనివి కొన్ని ఆకులు తింటాయి, కానీ పూలుంటాయి. పూజకి పూలు కోసే పొద మీద ఏ మందు కొట్టినా మొగ్గలకి పడనివ్వకండి, మర్నాటి పూజకి ఆ పొద పూలు వద్దు.

కరివేపాకు మొక్క రెండడుగులే కాబట్టి దానికి నాలుగు పురుగులే చాలు, మోడు చేసేస్తాయి. అదే పెద్ద చెట్టైతే పట్టించుకోవద్దనేదాన్ని. రోజూ పొద్దున్న చిగురాకులు తిప్పి చూసి, గుండుసూది తలంత పసుపు గుడ్లు కనిపిస్తే వేలితో దులిపెయ్యండి, పురుగుల్ని ఎవరింట్లోనైనా పెద్ద నిమ్మచెట్టు మీదో మారేడు మీదో వదలండి. దీనికి నూనె మందు వద్దు, వారం రోజులు కూరలో ఆ కంపు పోదు. మొక్క మీద దోమతెర గుడ్డ గుడారంలా కప్పి మొదట్లో తాడుతో కట్టేస్తే సీతాకోక గుడ్డే పెట్టలేదు.

ఇంతకీ ఈ ఏడాదే ఇంత ఎందుకు వచ్చిందంటే, ఆరు పొదల్నీ ఒకే రోజు కత్తిరించి యూరియా వెయ్యడం వల్ల. ముదురాకు మీద గుడ్డు పెట్టడం తల్లి పురుగుకి ఇష్టం ఉండదు. వానల్లో ఆరు పొదల నిండా ఒకేసారి మెత్తటి లేతాకు తొడిగేసరికి దానికి అంతకన్నా మంచి చోటు దొరకలేదు. ఇప్పుడు మోడుల్ని చూసి త్వరగా చిగురించాలని మళ్ళీ యూరియా వెయ్యకండి, మళ్ళీ కత్తిరించకండి. పొదకి రెండు కిలోల మాగిన పశువుల ఎరువు మట్టిలో కలిపి, వాన లేని రోజుల్లో నీళ్ళు పెడితే చాలు. పొదల కింద ఎండుటాకులు ఎత్తి, పైమట్టి రెండంగుళాలు కదపండి. బొటనవేలంత గోధుమ రంగు గూళ్ళు దొరికితే అవి రెండు వారాల్లో మళ్ళీ తల్లి పురుగులై వచ్చేవే. వాటిని ఒక డబ్బాలో మట్టి, ఎండుటాకులతో పెట్టి పైన వల కట్టి బాబుకివ్వండి. వచ్చిన రెక్కల పురుగుని ఎక్కడ వదలాలో అత్తగారు, వాడు కలిసి నిర్ణయించుకుంటారు. వచ్చే ఏడాది కత్తిరింపు మాత్రం మూడు పొదలకి ఒకసారి, మిగతా మూడింటికి నెల ఆగి చెయ్యండి. ఒక వరుస లేతగా ఉన్నప్పుడు రెండో వరుస ముదిరి పూస్తూ ఉంటుంది.